రానంటే ఎలా తీసుకెళ్లాలి?

సంపాదకులకు నమస్కారం.

మతిస్థిమితం లేని మనిషిని ఇంట్లో కట్టేశారని పేపర్లో పడినప్పుడల్లా చదివినవాళ్లు ఆ ఇంటివాళ్లను తిట్టిపోస్తారు. నేనూ కట్టేసినదాన్నే. గొలుసు కాదు, పెరట్లో బట్టలారేసే నైలాన్ తాడు.

మా తమ్ముడికి 44 ఏళ్లు. డిగ్రీ చదివేటప్పుడు స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు మొదలైంది. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నేను జాకెట్లు కుడతాను, వాడు హుక్స్ వేస్తాడు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ మా ఇల్లు అందరి ఇల్లులాగే ఉంటుంది. పొద్దున్నే మీ పేపరు ముందు వాడే చదవాలి.

మొన్న శ్రావణంలో పెళ్లి జాకెట్లు మీద పడి వాడి మాత్రల సంగతి పట్టించుకోలేకపోయాను. నాలుక కింద పెట్టుకుని, నేను అటు తిరగగానే తీసి మిషను సొరుగులో దారపు ఉండల వెనక దాచాడు. తర్వాత లెక్కపెడితే ఇరవై మూడు. కుళాయి నీళ్లలో ఏదో కలిపారని నీళ్లు మానేశాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. డాక్టరు దగ్గరికి పోదాం రారా అంటే తలుపు గడియ పెట్టుకున్నాడు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఎదురు తిరిగే మనిషైతే పోలీసులు ఉండాలన్నారు. స్టేషనుకెళ్తే, ఎవరినైనా కొట్టాడా అని అడిగారు. లేదన్నాను. అయితే అది మీ ఇంటి విషయమన్నారు. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను 14416 టెలీ మానస్‌లో మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా విని ధైర్యం చెప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వాణ్ని గడప దాటించేదెవరు? చివరికి పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు తలుపు నెట్టి పట్టుకున్నారు, తాడు నేనే తెచ్చాను. విశాఖ దాకా అద్దె కారులో వాడి తల నా ఒళ్లోనే ఉంది. మణికట్టు మీద గీతలు పోవడానికి పది రోజులు పట్టింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టొద్దంటుంది. నిజమే, కట్టకూడదు. అదే చట్టం 94వ సెక్షనులో, ప్రాణం మీదికొచ్చినప్పుడు రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా అక్కడికక్కడే వైద్యం చేయవచ్చని, దగ్గర్లోని మానసిక వైద్యశాలకు తరలించడమూ అందులో భాగమేనని ఉంది. ఈ ముక్క మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ ఆసుపత్రి వరండాలో ఒక లాయరుగారు చెబితేనే తెలిసింది. ఆయనా వాళ్ల అమ్మాయి కోసం వచ్చారు.

వికలాంగుల పింఛను 6,000 వస్తోంది, కాదనను. మాకు డబ్బు కన్నా ముందు మనుషులు కావాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఈ పనికి శిక్షణ ఉన్న నర్సు, ఒక బండి ఉండాలి. కబురు పెడితే ఇంటికి రావాలి. నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. మాత్రలు దాచేసేవాళ్లకు డాక్టరు అది రాస్తే, పిల్లల టీకాల కోసం వీధిలోకి వచ్చే ఏఎన్ఎమ్ మా గుమ్మంలోకీ రావచ్చు కదా!

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. "తాడు సంగతి రాయకక్కా" అన్నాడు. హుక్స్ వేస్తూ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రాయిలే, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

– ఒక అక్క, బొబ్బిలి