అల్లిక బృందం వార్షిక నివేదిక: ఊలు కోట్ల ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

బతుకమ్మ పండుగ కాగానే మొదలుపెట్టి సంక్రాంతిలోపు పెద్ద ఊలు కోట్లు అల్లాలని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఇన్నేళ్లూ పిల్లల టోపీలు, మఫ్లర్లే అల్లిన మనకు ఇది పెద్ద పని. జాకెట్ అని రాస్తే మన హనుమకొండలో రవిక అనుకుంటారు కాబట్టి కోటు అనే రాస్తున్నాను. ముందు గుండీలు, నిండు చేతులు, లోపల ఇంకో స్వెట్టర్ వేసుకున్నా బిగుసుకోనంత వదులు ఉండాలి.

అనుకున్నవన్నీ పూర్తి కాలేదు. డిజైన్ ఏదో తేల్చుకోకముందే వరంగల్ చౌరస్తాకు వెళ్లి ఊలు తెచ్చాం, తప్పంతా అక్కడే జరిగింది. డిజైన్ లావు ఊలుకు రాసినది, మనం తెచ్చింది అంతకన్నా సన్నం. 10 సెంటీమీటర్లకు 14 కుట్లు రావాల్సిన చోట 16 వచ్చాయి. రెండు కుట్లే కదా అని ముందుకు పోయాం. మనలో ఒక అక్క ఛాతీ కొలత 96 సెంటీమీటర్లు. వదులు కలిపి 110 రావాలని 154 కుట్లు ఎక్కించాం. అల్లాక చూస్తే కోటు 96 దగ్గరే ఆగిపోయింది. తెల్లవారుజామున చెరువు గాలిలో పాలకు వెళ్లే మనిషికి గుండీలే పట్టలేదు. ఆమె ఒక్క మాట అనలేదు. అంత పనీ విప్పుతుంటే మాత్రం నాకు చాలా బాధేసింది.

అందుకే ఇప్పుడు ముందు నమూనా ముక్క అల్లుతున్నాం. 15 సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టాలి. అంచుల్లో కుట్లు సాగుతాయి, అక్కడ లెక్క కుదరదు. కుట్లు ఎక్కువ వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది. ఊలు కూడా ఒకేసారి, ఒకే లాట్ నంబరుది, అంటే ఒకే విడతలో రంగు వేసినది కొనాలి. పెద్ద కోటుకు ఇంచుమించు కిలో పడుతుంది. మధ్యలో అయిపోయి వేరే లాట్ తెస్తే వీపు ఒక రంగు, చెయ్యి ఒక రంగు అవుతుంది.

ఇంగ్లీషు డిజైన్ల కాగితాల్లో కే (నిట్), పీ (పర్ల్) అని ఉన్నచోట సీదా కుట్టుకు సీ, ఉల్టా కుట్టుకు ఉ అని మార్చి రాసుకున్నాం. పెద్దమ్మలకు దీంతోనే టెన్షన్ తగ్గింది. జడ డిజైన్ అందంగా ఉంటుంది గానీ ఊలు ఎక్కువ తింటుంది, వెడల్పు లోపలికి లాగుతుంది. మెడ నుంచి కిందికి ఒకే ముక్కగా అల్లితే మధ్యలో వేసి చూసుకోవచ్చు. అయినా లావు ఊలు కోటు బరువుకు భుజాలు జారుతాయి. ముక్కలుగా అల్లి భుజం దగ్గర గట్టిగా కుట్టిందే నిలుస్తుందని నా అభిప్రాయం. ఆరేసేటప్పుడు తీగ మీద వేయకండి, చాప మీద పరచండి.

ఏ ఊలు మంచిదని చాలామంది అడిగారు. రోజూ ఉతికేవాళ్లకు అక్రిలిక్ నయం. అసలు ఉన్ని వెచ్చగా ఉంటుంది కానీ వేడినీళ్లలో వేసి పిండితే కుంచించుకుని గట్టిపడుతుంది. మన కురుమలు గొంగడికి వాడే దక్కనీ గొర్రెల ఉన్నితో కూడా ఒక ముక్క అల్లి చూశాం. గొంగడి నేతలో పడుగుకు చింతగింజల గంజి పెడతారు. అల్లికకు దారం వంగాలి కాబట్టి గంజి లేని దారమే తీసుకున్నాం. మెడకు గుచ్చుకుంటుంది, అందుకని కాలరుకు మెత్తని ఊలు కలపాలి. వానలో, చలిలో గొర్లకాపరులను కాచిన ఉన్ని ఇది. వచ్చే ఏడాది దీనితో ఒక పూర్తి కోటు అల్లాలని నాకు గట్టిగా ఉంది.

జమాఖర్చుల పుస్తకం సమావేశంలో ఉంటుంది, చూసుకోగలరు.

సంఘం డబ్బుతో కొన్న 7 మిల్లీమీటర్ల వైరు సూదులు (రెండు సూదులను వైరుతో కలిపినవి) ఎవరి దగ్గర ఉన్నా దసరాలోపు ఇచ్చేయండి. కోటు బరువు చేతుల మీద పడకుండా ఒళ్లో ఉండాలంటే అవే కావాలి. అక్క కోటు ఈసారి సరైన ఊలుతో వాటి మీదే మొదలుపెడుతున్నాం.

కార్యదర్శి