విన్నవాళ్ల పేర్లు నీ దగ్గర ఉండాలి

నాన్నా,

ఆ రాత్రి ఫోన్‌లో నువ్వు ఎక్కువ మాట్లాడలేదు. "పాటలు పెట్టే అకౌంట్ పోయిందమ్మా, నాలుగేళ్ల కష్టం పోయింది" అన్నావు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడకుండా ఉండిపోయాం. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. అప్పటి నుంచి నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను, దొరికినంత చదువుతున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇందులో నీ తప్పు వెతుక్కోకు. "మీ పాట మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఒక్క రోజులో జవాబివ్వకపోతే అకౌంట్ మూసేస్తాం" అని మెసేజ్ వస్తే, సొంతంగా పాటలు కట్టుకునే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. మోసం చేసేవాళ్లు ఆ టెన్షన్ కోసమే అలా రాస్తారు. లింక్ నొక్కించారు, పాస్‌వర్డ్ రాయించుకున్నారు, కాసేపట్లో నీ పేరు తీసేసి ఇంకేదో పేరు పెట్టుకున్నారు. ఇకమీద ప్రతి అకౌంట్‌కీ పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం కూడా పెట్టు. ఫోన్‌కు వచ్చే కోడ్ ఎవరడిగినా చెప్పకు. దీని గురించి ఇంతకు మించి నేను మాట్లాడను.

నేను రాయాలనుకున్నది వేరే ఉంది. నీకు నిజంగా ఏం పోయిందో కూర్చుని లెక్క చూశాను. వీడియోలు హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. పాటల రికార్డింగులు ఉన్నాయి. పోయింది మనుషులు నాన్నా. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ నీ రెండో పాట వింటానని రాసిన నర్సు గుర్తుందా? ఆ మెసేజ్ నువ్వు నాకు రెండుసార్లు చదివి వినిపించావు. ఆమె ఎక్కడో ఉంది. ఇప్పుడు నీ పాట కోసం వెతుకుతూ ఉండొచ్చు. ఆమె అసలు పేరు నీకు తెలియదు. ఒక్క ముక్క రాద్దామన్నా దారి లేదు. పద్దెనిమిది వేల మంది ఫాలోవర్లు అని మనం సంతోషపడ్డాం కానీ, వాళ్లలో ఒక్కరి చిరునామా కూడా ఏ రోజూ నీ దగ్గర లేదు.

నేను స్టేజీ మీద పాడే రోజుల్లో నా బ్యాగులో ఒక రూళ్ల పుస్తకం ఉండేది. ప్రోగ్రాం అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్లకు పెన్ను ఇచ్చి, "మీ అడ్రసు రాయండి, మళ్లీ పాడేటప్పుడు కార్డు రాస్తాను" అనేదాన్ని. కొందరు మొహమాటపడేవాళ్లు, చాలామంది రాసేవాళ్లు. చివరికి 312 పేర్లు చేరాయి. మేం పాడే హాలు మూతపడింది. మా ట్రూపు విడిపోయింది. ఏడాదిన్నర నేను ఎక్కడా పాడలేదు. మళ్లీ ఇంకో చోట మొదలుపెట్టినప్పుడు మూడు రాత్రులు కూర్చుని ఆ పుస్తకంలో ఉన్న అందరికీ కార్డులు రాశాను. మొదటి రోజు నలభై మంది పైగా వచ్చారు. ఆ నలభై మందీ లేకపోతే నేను రెండోసారి పాడేదాన్ని కాదు.

వెబ్‌సైట్ పెట్టుకోమని రెండేళ్ల క్రితం నేనంటే, "ఇప్పుడు వెబ్‌సైట్లు ఎవరు చూస్తారమ్మా, అందరూ అక్కడే ఉన్నారు" అన్నావు. నువ్వన్నది నిజమే. కానీ 'అక్కడ' అనే చోటు మారుతూ ఉంటుంది. నీ పసితనంలో పాటలు పాడే కుర్రకారంతా మైస్పేస్ అనే సోషల్ సైట్లో ఉండేవాళ్లు. 2003లో మొదలైంది. 2005లో దాన్ని 58 కోట్ల డాలర్లకు కొన్న కంపెనీయే 2011లో సుమారు 3.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. జనం వేరే చోటికి వెళ్లిపోయారు, పాటలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. 2019లో ఆ సంస్థ ఒక ప్రకటన చేసింది. సర్వర్లు మార్చేటప్పుడు, 2015కు ముందు ఎక్కించిన పాటలు, ఫోటోలు, వీడియోలు పోయాయట. పన్నెండేళ్ల పాటలు. వేరే కాపీ దాచుకోనివాళ్లలో చాలామందికి అవి మళ్లీ దొరకలేదు. అంతకు ముందు ఎంపీత్రీ డాట్ కామ్ అని ఒకటి ఉండేది. కొత్తవాళ్లు తమ పాటలు పెట్టుకునే పెద్ద చోటు అది. 2003 చివర్లో చేతులు మారి, ఆ పాటలన్నిటితో సహా మూతపడింది. చిన్న వీడియోల వైన్ 2013లో వచ్చి 2017 జనవరికి ఆగిపోయింది.

మూతపడకపోయినా నియమాలు మారతాయి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ ఇకమీద స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులే ముందు చూపిస్తామంది. అంతవరకూ ఏళ్ల తరబడి పేజీ పెంచుకున్న పాటగాళ్ల మాటలు, ఆ పేజీని కోరి ఎంచుకున్నవాళ్లకే సరిగా చేరడం మానేశాయి. 2024 మొదట్లో టిక్‌టాక్‌కూ యూనివర్సల్ మ్యూజిక్‌కూ ఒప్పందం కుదరక, ఆ కంపెనీ పాటలున్న వీడియోలు మూగబోయాయి. మే నెలలో రాజీ కుదిరేదాకా అంతే. ప్రపంచంలో పెద్ద పెద్ద గాయకుల పాటలు కూడా వాళ్ల ప్రమేయం లేని తగాదాలో నోరు మూసుకోవాల్సి వచ్చింది. నీకు జరిగింది నీ ఒక్కడికే జరిగిందనుకోవద్దని ఇవన్నీ రాస్తున్నాను.

చదివినవాటిలో నా మనసుకు బాగా పట్టింది ఒక పాత సంగతి. బ్రిటన్‌లో మారిలియన్ అని ఒక రాక్ బృందం ఉంది. 1997లో అమెరికా వెళ్లి పాడటానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. ఆ సంగతి తెలిసిన అభిమానులు ఈమెయిళ్లలో మాట్లాడుకుని, తమలో తామే చందాలు వేసుకుని 60 వేల డాలర్లు పోగుచేశారు. అప్పటికి ఈ సోషల్ సైట్లేవీ లేవు. ఆ తర్వాత 2001లో వచ్చిన ఆల్బమ్‌కు ఆ బృందమే అభిమానులకు ఈమెయిల్ రాసి, రికార్డు చేయకముందే కొంటారా అని అడిగింది. 12 వేల మందికి పైగా ముందే డబ్బు కట్టారు. వాళ్లు అడగగలిగారు, ఎందుకంటే ఎవరిని అడగాలో వాళ్ల దగ్గర రాసి ఉంది. రేడియోహెడ్ అనే పేరుమోసిన రాక్ బృందం 2007లో తమ ఆల్బమ్‌ను సొంత సైట్లో పెట్టి "మీకు తోచినంత ఇవ్వండి" అన్నదని అందరూ చెబుతుంటారు. అది నీకు పనికొచ్చే ఉదాహరణ కాదు. వాళ్లు ఏ మూల పెట్టినా ప్రపంచం వెతుక్కుంటూ వస్తుంది.

సోషల్ మీడియా మానేయమని నేను చెప్పడం లేదు. కొత్త అకౌంట్ తెరువు, రీల్స్ పెట్టు. నీ పేరు ఎన్నడూ వినని మనిషికి నీ గొంతు తగిలేది అక్కడే. సొంత వెబ్‌సైట్‌కు ఆ శక్తి లేదు. పేరు తెలియని పాటగాడి సైటు దానంతట అది ఎవరికీ కనపడదు. ఆ నర్సు కూడా నీకు అక్కడే దొరికింది. కానీ దొరికిన మనిషిని అక్కడే వదిలేసి రాకు. "పూర్తి పాట నా సైట్లో ఉంది" అని చెప్పి ఇంటికి పిలువు. వచ్చినవాళ్లను ఒక్కటే అడుగు, మళ్లీ కొత్త పాట కడితే మీకు రాయమంటారా అని. ఇష్టమున్నవాళ్లు ఈమెయిల్ ఇస్తారు. వందమంది చూస్తే ఇద్దరు ఇస్తారేమో. ఆ ఇద్దరూ చాలు, అలాగే పోగవుతారు.

ఇంకొక సంగతి, చాలాకాలంగా నా గొంతులోనే ఆగిపోయింది. మొదట్లో నీ పాటలకు ముందు ఆలాపన ఉండేది. ఒక్కోసారి నిమిషం పైగా సాగేది. పదాలు రాకముందే ఆ పాట ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిసిపోయేది. గత రెండేళ్లలో అది తగ్గుతూ వచ్చింది. చివరి మూడు పాటల్లో అసలు లేనేలేదు, నేరుగా పల్లవితో మొదలయ్యాయి. అడిగితే "మొదటి మూడు సెకన్లలో పట్టుకోకపోతే వేలితో పైకి తోసేస్తారమ్మా" అన్నావు. రీల్ అలా ఉండటంలో తప్పులేదు, దాని పద్ధతి అది. కానీ నువ్వు రీల్ కోసం పాటను కోయడం లేదు, పాటనే రీల్‌కు సరిపడా కడుతున్నావు. ఇది నాకు చాలా బాధగా ఉంది. అకౌంట్ పోయినదానికన్నా ఎక్కువ బాధ. నీ సొంత పేజీలో ఏ పాట ఎంతసేపు ఉండాలో ఎవరూ నిర్ణయించరు. ఆరు నిమిషాల పాట ఆరు నిమిషాలూ పెట్టు. నీతో వయొలిన్ వాయించిన అమ్మాయి పేరు, పాట రాసినవాళ్ల పేరు, అది ఏ సందర్భంలో పుట్టిందో నాలుగు మాటలు కింద రాయి. వేరే చోట వీటికి జాగా లేదు.

ఇక పనుల మాట. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, నీ పేరు మీదే తీసుకో. సైటు కట్టిపెడతానన్న నీ స్నేహితుడు మంచివాడే, కానీ డొమైన్ అతని పేరు మీద రిజిస్టర్ అయితే కాగితాల ప్రకారం అది అతనిదే అవుతుంది. రేపు మీ ఇద్దరికీ మాటలు లేకపోతే నీ పేరే నీకు దక్కదు. రిజిస్టర్ చేసేటప్పుడు ఇచ్చే ఈమెయిల్, అదే డొమైన్ మీద ఉన్నది కాకూడదు. డొమైన్ గడువు తీరి సైటు ఆగితే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, ఇక హెచ్చరిక ఎక్కడికి వస్తుంది? డాట్ కామ్ లాంటివి ఒకేసారి పదేళ్ల వరకూ కట్టుకోవచ్చు. కనీసం రెండు మూడేళ్లకు కట్టి, ఆటో రెన్యువల్ పెట్టు. గడువు మర్చిపోతే ఇంకెవరైనా కొనేసుకోవచ్చు. సొంత సైటు కూడా పోయే వస్తువే, కాకపోతే దాని తాళం నీ దగ్గరుంటుంది.

సైటుకు హంగులు వద్దు. ఒక్క పేజీ చాలు. నువ్వెవరో నాలుగు వాక్యాలు, మూడు పాటలు, తర్వాత ఎక్కడ పాడుతున్నావో, నిన్ను పిలవాలంటే ఎవరికి రాయాలో, ఈమెయిల్ ఇవ్వడానికి ఒక గడి. పత్రికవాళ్లు అచ్చు వేసుకోవడానికి పనికొచ్చే పెద్ద ఫోటోలు రెండు. తెరవగానే పాట దానంతట అది మోగకూడదు. ఆ నర్సు లాంటివాళ్లు బస్సులోనో వార్డులోనో ఉంటారు, ఉలిక్కిపడి మూసేస్తారు. నెట్ సరిగా అందని ఫోన్‌లో కూడా తెరుచుకోవాలి. 'రాబోయే కార్యక్రమాలు' అని పెట్టి అక్కడ పోయినేడాది తేదీలు ఉంటే, ఈ అబ్బాయి పాడటం మానేశాడు కాబోలు అనుకుంటారు. చూసుకోలేనంటే ఆ భాగమే తీసేయి. ప్రొఫైల్‌లో లింక్ ఒక్కటే పెట్టనిస్తే, పది లింకులు పోగేసి చూపించే ఇంకో కంపెనీ పేజీ వద్దు, నీ సైటు లింకే పెట్టు. అక్కడి నుంచి ఎటు కావాలంటే అటు నువ్వే పంపు.

పాటలు అమ్మే సైట్ల గురించి అడిగావు. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఈమెయిల్ పాడినవాళ్లకు అందుతుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. కానీ అది కూడా 2022లో ఒక కంపెనీ చేతికి, 2023లో ఇంకో కంపెనీ చేతికి వెళ్లింది. అందుకని ఎక్కడ పోగైనా, ఈమెయిళ్ల జాబితాను నెలకోసారి దించుకుని నీ దగ్గర, ఇంకోచోట కాపీ పెట్టు. రికార్డింగులు కూడా అంతే. కుదించిన ఎంపీత్రీ కాదు, అసలు వేవ్ ఫైళ్లు, రెండు వేర్వేరు చోట్ల.

ఉత్తరాలు తరచూ రాయకు. కొత్త పాట వచ్చినప్పుడు, పాడటానికి వెళ్తున్నప్పుడు, అంతే. అడగనివాళ్లను జాబితాలో చేర్చకు. ఇక వద్దనుకున్నవాళ్లు ఒక్క నొక్కుతో తప్పుకునేలా కింద లింక్ ఉండాలి. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు జీమెయిల్, యాహూ 2024 నుంచి దీన్ని నియమంగా పెట్టాయి. నువ్వు యాభై మందికి రాసినా సరే, పెట్టు. నా పుస్తకంలో కూడా ఎవరైనా కార్డులు వద్దంటే గీత కొట్టేసేదాన్ని. నాకు కష్టంగానే ఉండేది, అయినా కొట్టేసేదాన్ని.

మొదటి నెలలో పదిమందే చేరారని దిగులుపడకు. పద్దెనిమిది వేలు చూసిన కళ్లకు పది చిన్నగానే కనపడుతుంది. ఆ పదిమంది పేర్లు ఒక్కొక్కటీ చదువు. జవాబు రాసినవాళ్లకు నువ్వు కూడా రాయి.

ఆదివారం వస్తానన్నావుగా. హార్డ్ డిస్క్ తీసుకురా, ఇద్దరం కూర్చుని కాపీలు చేద్దాం. నా రూళ్ల పుస్తకం కూడా బయటికి తీసి పెట్టాను, నువ్వు ఎప్పుడూ చూడలేదు. ఆ నర్సు వినే రెండో పాట ఉంది కదా, దాని మొదటి రికార్డింగు, ఆలాపన కోయకముందుది, నీ దగ్గర ఇంకా ఉంటే అదీ తీసుకురా. నాకు వినాలని ఉంది.

అమ్మ