తెలుగు సమాంతర సినిమాకు సరైన డిస్క్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏ ఆర్ట్ సినిమా ఎప్పుడు ప్రత్యేక బ్లూరే (డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మనిచ్చే డిస్క్)గా వస్తోందో నెలల ముందే తెలుసుకుని, డబ్బు కట్టి, కస్టమ్స్ సుంకం కూడా భరించి విదేశాల నుంచి తెప్పించుకునే ప్రేక్షకులు విశాఖపట్నంలో ఉన్నారు. బెంగాలీ, జపనీస్, ఇరానీ చిత్రాలకు అంత శ్రద్ధ దక్కుతుంటే ‘ఒక ఊరి కథ’, ‘మా భూమి’, ‘దాసి’, శారదకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ‘నిమజ్జనం’ లాంటి మన సమాంతర సినిమాలకు, అంటే వ్యాపార సూత్రాలకు దూరంగా తీసిన చిత్రాలకు, ఎందుకు దక్కడం లేదన్నదే మా బాధ. వీటిని చూడాలంటే నేడు చాలామందికి దిక్కు, ఎప్పుడో టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్న మసక కాపీలే. వాటిలో ముఖాలు సరిగా కనబడవు, మాటలు సరిగా వినబడవు. ఆ కాపీ చూసిన కుర్రవాళ్లు ఆ సినిమానే పేలవంగా తీశారనుకుంటారు. ఇది ఆ కళాకారులకు జరుగుతున్న అన్యాయం.

2022 మేలో కేంద్ర ప్రభుత్వం జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద సుమారు 2,200 చిత్రాలను 363 కోట్ల రూపాయలతో పునరుద్ధరిస్తామని ప్రకటించింది. అందులో తెలుగు చిత్రాలు ఏవి, ఎన్నింటి స్కానింగ్ (ఫిల్మ్‌ను ఫ్రేము ఫ్రేముగా డిజిటల్ బొమ్మలుగా మార్చడం) పూర్తయింది, ఎన్ని జనం కొనుక్కునే రూపంలో బయటికి వస్తాయి? పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్‌ను (సినిమాల భాండాగారాన్ని) నడుపుతున్న జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)ని మన రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ ఈ సంగతి అధికారికంగా అడగాలి. విశాఖను సినిమా కేంద్రంగా పెంచాలన్న మాట తరచు వింటున్నాం. కొత్త షూటింగులకు స్థలాలు చూపడంతో పాటు పాత నెగటివ్‌లను (కెమెరాలో నడిచిన అసలు ఫిల్మ్‌ను) కాపాడటం కూడా ఆ పనిలో భాగమే.

మంచి డిస్క్ తయారీ మొదలయ్యేది నెగటివ్ దగ్గర. రెండు గంటల 35 ఎంఎం సినిమా అంటే సుమారు 10,800 అడుగుల ఫిల్మ్, అంటే వెయ్యి అడుగుల రీళ్లు పదకొండు. అందులో ఫ్రేములు 1,72,800. ఒక్కో ఫ్రేమును 4కేలో (అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కల స్పష్టతతో) పూర్తి వైశాల్యంతో స్కాన్ చేస్తే దాదాపు 51 మెగాబైట్లు. సినిమా మొత్తానికి 8.8 టెరాబైట్లు దాటుతుంది. ఇంత డేటా డేటా దాచే ఎల్‌టీఓ-8 రకం అయస్కాంత టేపు ఒక్కదానిలో పడుతుంది, దాని సామర్థ్యం 12 టెరాబైట్లు. అయితే రెండు టేపులు తీసి రెండు ఊళ్లలో పెట్టాలి, కొత్త తరం టేపులు వచ్చినప్పుడల్లా వాటిలోకి మార్చుకుంటూ ఉండాలి.

స్కానింగ్ కంటే ముందు డబ్బా మూత తీసి వాసన చూడాలి. వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ అడుగునున్న అసిటేట్ విచ్ఛిన్నమై ఆమ్లం వదులుతోందని అర్థం. ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగవంతం చేస్తుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. డబ్బాలో పరీక్ష కాగితం వేసి ఒక రోజు ఉంచితే రంగు తేడా తెలుస్తుంది: నీలం ఉంటే మంచిది, ఆకుపచ్చకు తిరిగితే జాగ్రత్త పడాలి, పసుపైతే ఆ రీలును వేరు చేసి అన్నిటికంటే ముందు దాన్నే స్కాన్ చేయాలి. కుళ్లిన ఫిల్మ్ కుంచించుకుపోతుంది. అప్పుడు పళ్ల చక్రాల మీద నడిచే పాత యంత్రంలో పెడితే పక్క రంధ్రాలు చిరుగుతాయి, పళ్లు లేకుండా రోలర్ల మీద నడిపే స్కానరే వాడాలి. రంగుల ఫిల్మ్‌కు ఇంకో జబ్బుంది. ఈస్ట్‌మన్‌కలర్‌లో మొదట పోయేది సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు, అందుకే పాత ప్రింట్లన్నీ (థియేటర్లలో ఆడించిన కాపీలన్నీ) గులాబీగా కనబడతాయి. రంగు దిద్దేవారికి ఆనాటి ఛాయాగ్రాహకుడు గానీ, రంగు చెదరని ప్రింటు గానీ పక్కన ఉండాలి. లేకపోతే తెలంగాణ మట్టి రంగు ఏ ఊరి మట్టిలాగానో తేలుతుంది.

ఇవన్నీ మన దేశంలో జరగని పనులేం కావు. ఒక్కొక్కరు రెండేసి రూపాయలు ఇచ్చిన అయిదు లక్షల మంది గుజరాత్ పాల రైతుల డబ్బుతో 1976లో తయారైన ‘మంథన్’ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించి 2024లో కాన్స్ చిత్రోత్సవంలో చూపించింది. నెగటివ్ పుణె ఆర్కైవ్‌లో ఉంది, శబ్దాన్ని ఒక ప్రింటు నుంచి తీసుకున్నారు, పనిలో పెద్ద భాగం చెన్నైలో జరిగింది. చెన్నై విశాఖకు ఒక రాత్రి రైలు ప్రయాణం. ఇక సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోనాలో చేత్తో బాగుచేసి, ‘పథేర్ పాంచాలి’లో 40 శాతాన్ని, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా అసలు నెగటివ్ నుంచే తీసుకోగలిగారు. కాలినవాటికే ఆ మాత్రం మోక్షం దొరికినప్పుడు డబ్బాల్లో మూలుగుతున్న మన రీళ్ల మీద ఆశ వదులుకోవలసిన పని లేదు.

కంప్యూటర్ శుభ్రత దగ్గర చెడిపోయే సినిమాలు ఎక్కువ. గీతలు, దుమ్ము తీయడం వరకు మంచిదే. ఆ ఊపులో గ్రెయిన్ (ఫిల్మ్‌కు సహజమైన సన్నని రవ్వ) కూడా తుడిచేస్తే చర్మం మైనంలా మారుతుంది, చీర నేత మాయమవుతుంది. పాత టీవీ టేపును కృత్రిమ మేధతో పెద్దది చేసి ‘4కే’ అని ముద్ర వేయడం ఇంకా పెద్ద తప్పు. లేని కనురెప్పలను, పళ్లను యంత్రం ఊహించి గీస్తుంది. 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పుతో) తీసిన చతురస్రం లాంటి చిత్రాన్ని నేటి టీవీ తెర నిండాలని పైనా కిందా కోస్తే బొమ్మలో 23 శాతం పోతుంది. నల్ల పట్టీలు పక్కన ఉన్నా ఫర్వాలేదు, నటి పాదాలు తెగకూడదు. శబ్దంలో బుస తీయబోయి కీచురాళ్ల చప్పుడు, గాలి హోరు కూడా తీసేయడం, ఒక్క ట్రాక్ మోనోను లాగి 5.1 (ఆరు స్పీకర్ల శబ్దం) చేయడం మానాలి. 24 ఫ్రేముల సినిమాను 25కు పరుగెత్తించిన టీవీ కాపీలో రెండు గంటల సినిమా 115 నిమిషాలకే అయిపోతుంది, పాట శ్రుతి అర స్వరానికి దగ్గరగా పైకి జరుగుతుంది. అలాంటి కాపీని మూలంగా వాడకూడదు.

డిస్క్‌లో స్థలం విషయంలో పొదుపు వద్దు. 50 గిగాబైట్ల బ్లూరేలో రెండు గంటల సినిమాకు సెకనుకు 30 మెగాబిట్ల చొప్పున ఇస్తే 27 గిగాబైట్లు పడుతుంది, మిగతాది ఇంటర్వ్యూలకు సరిపోతుంది. అదే సరుకంతా 25 గిగాబైట్ల డిస్క్‌లో కుక్కితే చీకటి దృశ్యాల్లో గ్రెయిన్ గళ్లుగళ్లుగా విరుగుతుంది. రీజియన్ కోడ్ (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే తాళం) అసలే పెట్టకూడదు. భారత్ బ్లూరేకు సి రీజియన్, అమెరికా ఏ, బ్రిటన్ బి. అమెరికా డిస్క్ కొన్నవారికి ఇక్కడి మామూలు ప్లేయర్‌లో తెర మీద హెచ్చరిక తప్ప ఏమీ రాదు. 4కే డిస్క్‌లకు ఆ బెడద లేదు గానీ వాటికి ప్లేయరు వేరు. మన సినిమా అమెరికాలోని తెలుగువారికీ అందాలంటే కోడ్ లేని డిస్కే దారి.

సబ్‌టైటిళ్లు బొమ్మ మీద ముద్రించకుండా, కావాలంటే పెట్టుకునేలా ఉండాలి. ఇంగ్లీషుతో పాటు తెలుగు సబ్‌టైటిళ్లు కూడా తప్పనిసరి. వినికిడి లోపం ఉన్నవారికి అవే ఆధారం, తెలంగాణ పలుకుబడి ఉత్తరాంధ్ర ప్రేక్షకుడికి, ఇక్కడి పలుకుబడి అక్కడివారికి అందాలన్నా అవసరమే. అట్ట, పెట్టె అందంగా ఉంటే సంతోషం, లేకున్నా కొనేవారు కొంటారు. చిన్న పుస్తకం మాత్రం ఉండాలి: పూర్తి సాంకేతిక వర్గం, ఏ మూలం నుంచి స్కాన్ చేశారు, ఎక్కడ ఏ లోపం మిగిలింది అన్నది నిజాయితీగా రాయాలి. ఆనాటి ఎడిటర్లు, సౌండ్ రికార్డిస్టులు, సహాయకులు పెద్దవారయ్యారు. డిస్క్ ఎప్పుడొచ్చినా సరే, వారితో ముఖాముఖి మాత్రం ఇప్పుడే రికార్డు చేసి పెట్టాలి.

హక్కుల చిక్కు అసలైన అడ్డంకి. కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు 60 ఏళ్లు రక్షణ. 1977 నాటి ‘ఒక ఊరి కథ’కు అది 2037 చివరి దాకా ఉంటుంది. నెగటివ్ ఒకరి దగ్గర, హక్కు ఇంకొకరి దగ్గర, టీవీ ఒప్పందం మూడో మనిషి దగ్గర ఉండటం మామూలే. పుస్తకం అచ్చయితే 1954 చట్టం కింద జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు పౌర గ్రంథాలయాలకు ప్రతి ఇవ్వాలి. సినిమాకు అలాంటి చట్టం లేదు. అందువల్ల నిర్మాతల వారసులను వెతికి, కూర్చోబెట్టి మాట్లాడే పని ప్రభుత్వ సంస్థే చేయగలదు. అభిమానుల వల్ల కాదు.

డబ్బు విషయంలో అభిమానులు చేయగలిగింది ఉంది. 500 మంది 1,500 రూపాయల చొప్పున ముందే కడితే ఏడున్నర లక్షలు వస్తాయి. దాన్ని డిస్క్ ముద్రణకు, సబ్‌టైటిళ్లకు, పుస్తకానికి వాడవచ్చు. స్కానింగ్, పునరుద్ధరణ ఖర్చు మాత్రం ప్రజాధనం నుంచే రావాలి. ముందు డబ్బు అడిగేటప్పుడు మూలం నెగటివా ప్రింటా, స్కాన్ స్పష్టత ఎంత, బొమ్మ నిష్పత్తి ఎంత, ఏ శబ్దం, ఏ భాషల సబ్‌టైటిళ్లు అన్నది ప్రకటనలోనే చెప్పాలి. ‘త్వరలో’ అన్న ఒక్క మాటకు ఎవరూ డబ్బు కట్టరు.

ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ డిస్క్‌లు ఉంచితే విద్యార్థులకు మేలు. ఇంట్లో చూసే డిస్క్‌ను పదిమందికి ప్రదర్శించడానికి వేరే అనుమతి కావాలి గనుక సంస్థలకు ప్రదర్శన హక్కుతో కూడిన ప్రతులు విడిగా అమ్మాలి. విశాఖ గాలిలో తేమ తరచు 70 శాతం దాటుతుంది, ఉప్పు కూడా కలుస్తుంది. డిస్క్‌లను నిలువుగా, సిలికా జెల్ ఉన్న మూత బీరువాలో పెట్టాలి, ప్లేయర్ లెన్స్‌కు బూజు పట్టకుండా వారానికోసారైనా నడపాలి. అసలు నెగటివ్‌లను మాత్రం ఈ తీరంలో ఉంచవద్దు. వాటికి చల్లని, పొడి గదులున్న ఆర్కైవ్ కావాలి.

రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ మొదటి పనిగా ఒక జాబితా ప్రచురించాలని కోరుతున్నాం: తెలుగు సమాంతర చిత్రాల్లో దేనికి నెగటివ్ మిగిలి ఉంది, దేనికి ప్రింటు మాత్రమే ఉంది, డబ్బాలు ఎక్కడున్నాయి, హక్కుదారు ఎవరు. అది చేతికి వస్తే ఏ సినిమాకు ముందు డబ్బు కట్టాలో ప్రేక్షకులే తేల్చుకుంటారు.

ఇట్లు,
కళాత్మక చిత్రాల అభిమానులు,
విశాఖపట్నం