‘వై’ కొట్టే ముందు జాబితా చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల విద్యా పేజీల్లోనూ, వీడియో పాఠాల్లోనూ లైనక్స్ నేర్పేవారు, ప్రోగ్రాములను ఎక్కించే, తీసేసే ‘ఆప్ట్’ అన్న సాధనంతో వాటన్నిటినీ కొత్త వెర్షన్లకు మార్చే ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ అన్న కమాండ్ చివర ‘హైఫన్ వై’ చేర్చి రాయించడం మామూలైపోయింది. ‘కొనసాగించనా?’ అని ఆప్ట్ అడగబోయే ప్రశ్నకు ముందే అవునని చెప్పేసే ఈ అలవాటు ఎంత చేటో మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో స్వయంగా అనుభవించాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ప్రాక్టికల్ పరీక్షల ముందురోజు సాయంత్రం అన్ని కంప్యూటర్లలో, అవసరమైతే కొన్ని ప్రోగ్రాములను తీసేసి మరీ మిగతావాటిని మార్చే ‘ఫుల్-అప్‌గ్రేడ్’ను హైఫన్ వైతో నేనే నడిపి ఇంటికి వెళ్లాను. తెల్లవారి వచ్చి చూస్తే పదకొండు కంప్యూటర్లలో నల్లటి తెర మీద లాగిన్ అడిగే ఒక్క వరుస తప్ప ఏమీ లేదు. ఆప్ట్ చేసిన పనుల చిట్టా అయిన హిస్టరీ లాగ్ తెరిస్తే ‘రిమూవ్’ అన్న మాట వెంట డెస్క్‌టాప్ ప్యాకేజీల (ప్రోగ్రాముల కట్టల) పేర్లు బారులు తీరి ఉన్నాయి. ఎప్పుడో చేర్చి మరిచిపోయిన బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) వల్ల వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగక ఆప్ట్ వాటిని తీసేసింది. తీసేయబోతున్నట్టు తెర మీద రాసింది కూడా, కానీ ఆగి చదివే అవకాశాన్ని నేనే లేకుండా చేశాను. పరీక్ష ఒక రోజు వాయిదా పడింది.

హైఫన్ వై మానేసినంత మాత్రాన సరిపోదు, తెర మీద కనిపించేది చదవడానికి వీలుగా ఉండాలి. ఉబుంటు అనే లైనక్స్ రకం 24.04 వెర్షన్‌లో కూడా ఆప్ట్ తొలగించేవాటిని ముందు చెప్పి, ఆ తర్వాత అప్‌గ్రేడ్ అయ్యేవాటి పేర్లను ఒకే రంగులో ఒకదాని పక్కన ఒకటి కుక్కి చూపిస్తుంది కాబట్టి, వంద పేర్లు దాటితే అసలు చూడవలసిన వరుస పైకి జారిపోతుంది. 2025 ఏప్రిల్‌లో విడుదలై, అదే ఏడాది ఆగస్టులో డెబియన్ అనే మరో లైనక్స్ రకం 13వ వెర్షన్‌తో దాన్ని వాడేవారికి చేరిన ఆప్ట్ 3.0 ఈ లోపాన్ని సరిదిద్దింది. పేర్లను నిలువు వరసల్లో పేర్చి, తొలగింపులను అన్నిటికన్నా చివర, ప్రశ్నకు దగ్గరగా, ఎర్ర రంగులో చూపిస్తోంది.

పాత వెర్షన్లు వాడేవారు ‘ఈటీసీ’లోని ‘ఆప్ట్’ కింద ఉండే ‘ఆప్ట్.కాన్ఫ్.డి’ డైరెక్టరీలో చిన్న ఫైలు సృష్టించి, అందులో ‘ఏపీటీ::గెట్::షో-వెర్షన్స్ "ట్రూ";’ అన్న వరుసను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే చాలు. అప్పటినుంచి ప్రతి ప్యాకేజీ విడి వరుసలో, పాత వెర్షన్, బాణం గుర్తు, కొత్త వెర్షన్‌తో కనిపిస్తుంది. ఫైలు వద్దనుకుంటే కమాండ్‌కు క్యాపిటల్ ‘వి’ జోడించినా అదే ఫలితం వస్తుంది. ఆర్చ్ అనే లైనక్స్ రకం వాడేవారికి, అందులో ఆప్ట్‌లా పనిచేసే ప్యాక్‌మ్యాన్ సెట్టింగ్స్ ఫైల్లో ‘కలర్’, ‘వెర్బోస్‌పీకేజీలిస్ట్స్’ ఉన్నాయి, వాటి ముందున్న హ్యాష్ గుర్తు తీసేస్తే పరిమాణాలతో సహా పట్టిక వస్తుంది.

ఆప్ట్ చూపించేదాన్ని గ్రెప్ అనే వెతికే ప్రోగ్రామ్‌కు పంపి తమకు కావలసినట్టు మలుచుకునే విద్యార్థులను కూడా చూస్తున్నాను. వారి ఉత్సాహం మెచ్చుకోదగినదే. అయితే ఆప్ట్ రూపం వెర్షన్‌ను బట్టి మారవచ్చని, స్క్రిప్టుల్లో (కమాండ్లను వరసగా నడిపే ఫైళ్లలో) దాన్ని నమ్ముకోవద్దని ఆ ప్రోగ్రామే హెచ్చరిస్తుంది. స్క్రిప్టులకు రూపం స్థిరంగా ఉండే ‘ఆప్ట్-గెట్’ వాడాలని, నిజంగా నడిపే ముందు ‘హైఫన్ ఎస్’తో ఏం జరగబోతోందో చూసుకోవాలని వారికి మొదటి క్లాసులోనే చెప్పాలి.

మీ పత్రికలో ఇకపై వచ్చే లైనక్స్ పాఠాల్లో హైఫన్ వై తీసేసి, షో-వెర్షన్స్ వరుసను చేర్చేలా రచయితలకు సూచించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి,
గుంటూరు జిల్లా