సముద్రంలో పడిన ముక్క ఎవరిది? మంత్రి గారికి బహిరంగ లేఖ

అంతరిక్ష శాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి,

నమస్కారం.

కింది అధికారులకు ఇచ్చిన అర్జీలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి కాబట్టి ఇక మీకే, నలుగురూ చదివేలా రాస్తున్నాను. మాది వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగకు దగ్గరి ఊరు. మా వాడలో అర్జీలు రాసిపెట్టేది నేను. వేట నిషేధ భృతి రానివాళ్లకు, బోటు కాగితాలు పోగొట్టుకున్నవాళ్లకు, తుపానులో వలలు కొట్టుకుపోయినవాళ్లకు రాస్తుంటాను. వాటన్నిటికీ దరఖాస్తులో ఏదో ఒక గడి ఉంటుంది. తుపాను, అగ్నిప్రమాదం, పడవ మునక అని. ఈసారి నా దగ్గరకు వచ్చిన నష్టానికి ఏ గడీ లేదు. 'నష్టానికి కారణం' అన్నచోట 'రాకెట్ ముక్క' అని రాశాను. అక్కడి అధికారి చదివి, నవ్వి, కాగితాన్ని పక్కన పెట్టారు. ఇప్పటికీ అది పక్కనే ఉంది.

రాకెట్ భాగాలను వెనక్కి తెచ్చి మళ్లీ వాడాలన్న మీ సంకల్పం గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మొదటి దశ తిరిగి వచ్చేలా కొత్త తరం వాహకనౌక తయారు చేయడానికి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 8,240 కోట్లు మంజూరు చేసింది. చాలా సంతోషం. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ 2015 డిసెంబరులోనే అలాంటి మొదటి దశను, అంటే బూస్టరును, నేల మీద నిలువుగా దింపింది, 2017 మార్చిలో వాడిన బూస్టరునే మళ్లీ పైకి పంపింది, మనం ఎక్కడున్నాం అని దెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. తిరిగి రాబోయేవాటి సంగతి మీ శాస్త్రవేత్తలు చూసుకుంటారు. ఇప్పటిదాకా తిరిగి రాకుండా పడుతున్నవాటి సంగతి ఎవరు చూస్తారన్నదే నా ప్రశ్న.

మార్చి నెలలో మా వాడలోని ఒక బోటు రాత్రిపూట వల దింపింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారు చేపలు దొరికే అవకాశం ఉందని చెప్పిన వైపే దింపింది. ఆ సమాచారం ఓషన్‌శాట్ లాంటి ఉపగ్రహాలు సముద్రపు రంగునూ నీటి వేడినీ పైనుంచి చూసి ఇచ్చేదే. 2022 నవంబరులో ఓషన్‌శాట్-3 పైకి వెళ్లినప్పుడు మావాళ్లూ చప్పట్లు కొట్టారు. కొట్టవలసిందే. దానివల్ల డీజిల్ కలిసి వస్తోంది.

తెల్లవారుజామున వల లాగుతుంటే బరువు తగిలింది. పెద్ద సొర పడిందనుకున్నారు. పైకి వచ్చింది మనిషి పొడవున వంపు తిరిగిన పలక. లోపలివైపు నల్లగా, పీచును పొరలు పొరలుగా జిగురుతో అంటించినట్టు ఉంది. ఒక అంచున బోల్టుల వరస, రెండు చోట్ల తెగిన వైర్ల మొనలు. మిగతా అంచంతా విరిగి రంపం పళ్లలా లేచి ఉంది. పైన గుల్లలు గుత్తులు గుత్తులుగా పట్టాయి, అంటే చాలా కాలంగా నీళ్లలో తేలుతోందన్నమాట. ఆ పళ్లకు చిక్కిన వల లాగినకొద్దీ తెగింది. వల కోసేసి దాన్ని వదిలేద్దామన్నాడు బోటు నడిపే సరంగు. వదిలేస్తే వెనక వచ్చేవాడి వల పోతుందని బోటులోని పెద్దాయన ఒప్పుకోలేదు. కలాసీలందరూ కలిసి దాన్ని పైకెక్కించి ఒడ్డుకు తెచ్చారు. ఆ మంచితనానికి ఫలితం ఇంకా అనుభవిస్తున్నారు.

తెచ్చి దాచుకోలేదండీ. వాళ్లే అధికారులకు ఫోను చేసి చెప్పారు. వచ్చినవారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు తెచ్చారు?" రెండోది, "ఇంకా ఏమేమి తెచ్చారు?" బోల్టులు లేని రంధ్రాలు లెక్కపెట్టి, ఆ బోల్టులు ఎవరింట్లో ఉన్నాయని నిలదీశారు. సముద్రంలో ఉన్నాయి బాబూ అంటే, వేళాకోళమా అని కసిరారు. పంచనామా అయ్యేదాకా బోటు జెట్టీ దాటకూడదన్నారు. ఈలోగా ఐసు కరిగింది. మంచి వంజరం ఉప్పుచేప ధరకు పోయింది. చిరిగిన వలను కూడా సాక్ష్యమని పట్టుకుపోయారు. పోనీ బాగుచేసుకుందామంటే అది చేతిలో లేదు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోపు దొరికే ఆఖరి వేట రోజులు అవి. బోటు వదిలేసరికి నిషేధం రానే వచ్చింది. మళ్లీ జూన్ 14 దాకా ఒడ్డునే. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం 20,000 రూపాయలు ఇస్తోంది, కాదనడం లేదు. దానితో ఇల్లు నడపాలా, కొత్త వల కొనాలా? వలకు షావుకారు దగ్గర చేయి చాపారు. ఆయన వడ్డీ అడగడు. పట్టిన చేపంతా తనకే, తను చెప్పిన ధరకే వేయమంటాడు. వడ్డీయే నయం.

అంత హడావిడి చేసి పట్టుకుపోయిన పలకను ఏం చేశారనుకుంటున్నారు? ఒక షెడ్డు వెనక, తుప్పుపట్టిన మోటారు సైకిళ్ల పక్కన గోడకు ఆనించారు. పైన పట్టా కప్పారు. పట్టా గాలికి ఎగిరిపోయింది. ఈమధ్య దాని మీద ఎవరో తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు. రాకెట్ భాగాల పునర్వినియోగం అంటే ఇదేనేమో, మాకు తెలియక అడుగుతున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. పాత సామాన్లు కొనే వ్యాపారి ఒకాయన వాడలోకి వచ్చి, మళ్లీ ఇలాంటివి దొరికితే ఎవరికీ చెప్పకండి, కిలో లెక్కన అక్కడికక్కడే డబ్బులిస్తానన్నాడు. మొత్తం వ్యవహారంలో మావాళ్లతో మర్యాదగా మాట్లాడింది ఆయన ఒక్కడే మంత్రి గారూ.

నష్టపరిహారం అడిగితే, ఆ ముక్క ఎవరిదో ముందు తేలాలన్నారు. తేల్చండి అంటే, అది మా పని కాదన్నారు. ఎవరి పని అంటే, పైవారిదన్నారు. అది మన దేశపు రాకెట్టుదని నేను అనడం లేదు. ఏ దేశానిదైనా కావచ్చు. ఎవరిదో తేలేదాకా మావాళ్ల వల చిరగనట్టేనా?

అర్జీలు రాసేవాడిని కాబట్టి కాస్త చట్టం కూడా చదివాను. 1968 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పరాయి దేశపు అంతరిక్ష వస్తువు మన దగ్గర దొరికితే ఆ దేశానికి తెలియజేయాలి, వాళ్లు కోరితే తిరిగి ఇవ్వాలి, అందుకైన ఖర్చు ప్రయోగించిన దేశమే భరించాలి. 1972 నాటి మరో ఒప్పందం, పైనుంచి పడిన వస్తువు భూమి మీద నష్టం చేస్తే తప్పెవరిదన్న వాదన లేకుండా ప్రయోగించిన దేశం పరిహారం కట్టాలంటుంది. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా మీద కూలితే, సోవియట్ ప్రభుత్వం చివరికి 30 లక్షల కెనడా డాలర్లు కట్టింది. బాగుంది కదా? అదే ఒప్పందంలో ఏడో అధికరణం ఉంది. ప్రయోగించిన దేశపు పౌరులకు ఆ ఒప్పందం వర్తించదు. అంటే 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రీన్ హెడ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ భాగం అక్కడి జాలరి వలను చించి ఉంటే, ఆయన తరఫున అడగడానికి ఆయన ప్రభుత్వానికి ఒక దారి ఉంది. అదే భాగం మా మొగ దగ్గరి అంతర్వేది జాలరి వలను చించితే ఆ దారి మూసి ఉంది. మన పౌరుడి సంగతి మన చట్టం చూసుకుంటుందని ఆ ఒప్పందం రాసినవాళ్లు అనుకుని ఉంటారు. ఏదీ ఆ చట్టం? 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టారు. అది ఇంకా చట్టం కాలేదు.

(1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు, ఇక ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నామని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి దాని ముక్కలు ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరన్స్ పురపాలకులు చెత్త పారబోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. సరదాకే రాశారు, నిజమే. కానీ రాశారు. మా దగ్గర నోటీసు వచ్చింది బోటు యజమానికి.)

శ్రీహరికోట మీకు 300 కిలోమీటర్ల దూరం, రాకెట్లు తూర్పుకో ఆగ్నేయానికో పోతాయి, మీ మీద ఎలా పడతాయి అని ఒక అధికారి పటం తీసి చూపించారు. పడతాయని ఎవరన్నారండీ? తేలుతూ వస్తాయంటున్నాం. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు తీరం వెంబడి నీరు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అక్టోబరు తర్వాత ఎదురు తిరుగుతుంది. ఇది మా తాతలకు తెలుసు, మీ శాస్త్రవేత్తలకూ తెలుసు. ఖాళీ అయిన మోటారు తొడుగు, ఉపగ్రహాన్ని కప్పే కవచం చెక్క, ఏదైనా సరే, తేలేదైతే గీత గీసిన చోట ఆగదు. ఆస్ట్రేలియా దాకా పోయిన వస్తువు అంతర్వేదికి రాలేకపోతుందా?

సముద్రం అంత పెద్దది, ఎక్కడని వెతుకుతాం అని కూడా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. 2007 జనవరిలో పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన 550 కిలోల క్యాప్సూల్ పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి బంగాళాఖాతంలో దిగితే వెతికి తెచ్చారు. 2014 డిసెంబరులో అండమాన్ వైపు పడిన వ్యోమగాముల గది నమూనాను తెచ్చారు. 2023 అక్టోబరులో గగన్‌యాన్ పరీక్షలో నీళ్లలో పడి తలకిందులైన గదిని కూడా నౌకాదళం వెళ్లి తెచ్చింది. కావాలనుకున్నది దొరుకుతోంది. అక్కర్లేదనుకున్నది మా వలలో పడుతోంది.

అక్కర్లేదనడం కూడా సరికాదు. అమెరికా వాళ్లు స్పేస్ షటిల్ బూస్టర్లను పారాచూట్లతో సముద్రంలో దింపి, రెండు ఓడలు పెట్టి లాక్కొచ్చి, కడిగి, మళ్లీ వాడేవారు. 1981లో రెండో ప్రయాణం తర్వాత అలా తెచ్చిన బూస్టరును విప్పితేనే అతుకు దగ్గరి రబ్బరు వలయం కాలినట్టు బయటపడింది. సముద్రం నుంచి తెచ్చిన సామాను అంత పెద్ద నిజం చెప్పింది. దాన్ని పట్టించుకోకుండా పోనిచ్చి 1986 జనవరిలో చాలెంజర్ షటిల్‌ను, అందులోని ఏడుగురిని పోగొట్టుకున్నారు. గుల్లలు పట్టి వచ్చిన ఒక ముక్క ఎంత వేడికి తట్టుకుంది, ఎక్కడ విరిగింది, ఎన్నాళ్లు తేలింది అన్నది మీ ఇంజనీర్లకు పనికిరాదా? పనికొస్తుందనే నాలాంటివాడు అనుకుంటాడు. కానీ ఈసారి దొరికినవాడు తెస్తాడా? మా వాడలో ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట, కత్తితో వల కోసేసి నీళ్లలోకి తోసేస్తాం అని. తోసేస్తే అది ఇంకొకరి వలకు తగులుతుంది. లేదా కిలో లెక్కన పోతుంది. నడి సముద్రంలో మీ వస్తువును మొదట చూసే కళ్లు మావే. ఆ కళ్లను మీరే మూయిస్తున్నారు.

ఇంకా ఒక భయం ఉంది. కొన్ని దశల్లో విషపూరితమైన ద్రవ ఇంధనాలు వాడతారని చదివాను. మావాళ్లు ఆ పలకను ఉత్త చేతులతో పట్టుకున్నారు. పిల్లలు దాని మీద కూర్చుని ఫొటోలు దిగారు. ముట్టుకోవచ్చో కూడదో మా వాడకు వచ్చి చెప్పినవారు ఇప్పటికీ లేరు.

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగింది. అదే నెలలో మూడో ప్రయోగ వేదికకు దాదాపు 3,985 కోట్లు మంజూరు చేశారు. ప్రైవేటు కంపెనీల రాకెట్లూ వస్తున్నాయి. అన్నీ రావాలి. ఆ అంచనా కాగితాల్లో 'వల' అన్న మాట ఎక్కడైనా ఉందా అని మాత్రం వెతకండి.

మాకు కావలసినవి పెద్దవి కావు. ముందు ఆ ముక్క ఎవరిదో చెప్పండి. వల డబ్బు ఇప్పించండి. సముద్రంలో ఇలాంటిది కనబడితే ఫోను చేయడానికి ఒక నంబరు ఇవ్వండి, అవతల తెలుగులో మాట్లాడే మనిషిని పెట్టండి, ఆ మనిషి "ఎందుకు తెచ్చారు" అని అడగకుండా చూడండి. తెచ్చినవాడి బోటును ఆపకండి. ప్రయోగం ఉన్నప్పుడు అటు వెళ్లకూడదన్న కబురు ఐసు ఎక్కించి, డీజిల్ పోసుకున్నాక కాకుండా ముందే అందేలా చేయండి. రేపు మీ మొదటి దశలు సముద్రంలో ఓడ మీదకు దిగే రోజు వస్తే, ఆ చుట్టుపక్కల వేటకు వెళ్లవద్దని మాకు చెప్పేటప్పుడే, ఆ పనిలో మా కుర్రాళ్లకూ చోటు ఇవ్వండి. నీళ్లలో బరువు ఎత్తడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వల డబ్బు మాత్రం ముందు ఇప్పించండి. ఇది ఇంతకుముందే రాశానని తెలుసు. మళ్లీ రాస్తున్నాను.

పలక షెడ్డు వెనకే ఉంది. ఎవరినైనా పంపదలచుకుంటే వానలు ముదరకముందే పంపండి, ఆ తర్వాత అక్కడికి లారీ రాదు. క్రేను తెచ్చుకోనక్కర్లేదు, మావాళ్లు ఎక్కిస్తారు. కూలి మాత్రం ఆ రోజే ఇవ్వాలి.

ఇట్లు,
వశిష్ఠ మొగ దగ్గర అర్జీలు రాసే ఒక పౌరుడు