గాలి లెక్క లెన్సు నీళ్ళలో పనికిరాదు: మాక్రో వీడియో సెట్టుపై ఫిర్యాదు

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నీటి అడుగు మాక్రో వీడియో సెట్టులోని వెట్ లెన్సు, పోర్టు రింగు, ట్రైపాడ్ ఒకదానికొకటి పొసగకపోవడం గురించి. మార్పిడి, కొంత సొమ్ము వాపసు కోరుతూ.

అయ్యా,

మా కెమెరా, లెన్సు, హౌసింగు (కెమెరాకు తొడిగే నీళ్ళు దూరని పెట్టె) వివరాలన్నీ ముందే తీసుకుని, "అన్నీ సరిపోయేలా చూసి పంపుతున్నాం" అని మీ సలహాదారు రాసిచ్చిన సెట్టు ఇది. బిల్లు, ఆర్డరు పత్రం, ఆయన మెసేజీలు జతపరిచాం. పోర్టు అంటే హౌసింగు ముందున్న గాజు కిటికీ, పోర్టు రింగు దాన్ని ముందుకు జరిపేది, వెట్ లెన్సు దాని మీద బయట, నీళ్ళలో తగిలించే అద్దం. విడివిడిగా చూస్తే కొన్ని వస్తువులు బాగానే ఉన్నాయి. కలిపి బిగిస్తే పని జరగడం లేదు. ఎందుకు జరగడం లేదో కొలతలతో సహా రాస్తున్నాం. ఇంతకు ముందులాగా "ఆటోఫోకస్ ఆన్ చేసి చూడండి" అనే జవాబు మళ్ళీ పంపవద్దని మనవి.

పని ఏమిటో మీ సలహాదారుకు మొదటే చెప్పాం. హ్యాచరీ ట్యాంకుల్లో వెన్నామీ రొయ్య సీడును నీళ్ళలోనే వీడియో తీయాలి. పీఎల్-10 దశలో (పోస్ట్‌లార్వాగా మారాక పదో రోజు) పిల్ల దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. తలమీది ముల్లుకు ఎన్ని పళ్ళు వచ్చాయి, పేగు నిండుగా ఉందా, తోక కండ తేటగా ఉందా తెల్లబారిందా, ఇవి కనపడాలి. మైక్రోస్కోపు కింద పెడితే ముల్లు పళ్ళు తెలుస్తాయి గానీ ఈత తెలియదు. అందుకే ఈ తిప్పలన్నీ. కెమెరా ఫుల్‌ఫ్రేమ్, సెన్సరు వెడల్పు 36 మి.మీ. లెన్సు 90 మి.మీ. మాక్రో. అది ఒక్కటే ఉంటే 1:1 (వస్తువు సెన్సరు మీద అసలు సైజులో పడటం) దగ్గర ఫ్రేములో 36 మి.మీ. మేర పడుతుంది, పిల్ల అందులో పావు వంతుకు కాస్త పైన. వెట్ లెన్సు తగిలిస్తే 2:1 (రెట్టింపు సైజు) వస్తుందని, అంటే 18 మి.మీ. మేరే ఫ్రేము నిండుతుందని మీ పేజీలో ఉంది. మేం డబ్బు కట్టింది ఆ 18 మి.మీ. కోసం.

వచ్చింది 27 మి.మీ. స్టీలు స్కేలును నీళ్ళలో నిలబెట్టి తీసిన ఫ్రేము జతపరిచాం, గీతలు మీరే లెక్కపెట్టుకోవచ్చు.

దీనికి కారణాలు రెండు. పెద్దది వెట్ లెన్సే. బాక్సు మీద +10 అని (అద్దం బలం, డయాప్టర్లలో) అచ్చు వేశారు. పరీక్ష తేలిక. లెన్సు ఫోకస్‌ను ఇన్ఫినిటీకి తిప్పి, మాన్యువల్‌లో పెట్టి, వెట్ లెన్సును పోర్టుకు తగిలించి, ఎంత దూరంలో స్కేలు పదునుగా కనిపిస్తుందో కొలవాలి. +10 అయితే గాలిలో 10 సెం.మీ. రావాలి. వచ్చింది. అదే పరీక్ష మంచినీళ్ళు నింపిన అద్దాల తొట్టిలో చేస్తే 38 సెం.మీ. దగ్గర గానీ పదును రాలేదు. సముద్రపు నీళ్ళ ట్యాంకులో చేసినా ఇంచుమించు అంతే.

కారణం వేలితో తడిమినా తెలుస్తుంది. మీరు పంపిన అద్దం ముందు ముఖం మిట్టగా, బయటికి ఉబ్బి ఉంది. నీళ్ళు నేరుగా ఆ వంపుకే తగులుతున్నాయి. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.52 దాకా, గాలిది 1, నీటిది 1.33. గాలికీ గాజుకూ మధ్య ఉన్న తేడా వల్లే అద్దం కిరణాన్ని వంచుతుంది. నీళ్ళలోకి దిగేసరికి ఆ తేడా చాలావరకు చచ్చిపోయి, ఫోకల్ దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. 10 సెం.మీ. అద్దం 38కి పోవడం సరిగ్గా అదే. అసలైన వెట్ లెన్సులో రెండు మూడు అద్దాలు ఉంటాయి, వాటి నడుమ సీలు వేసిన గాలి ఉంటుంది. పని చేసే వంపులు ఆ గాలి వైపు, నీళ్ళు తగిలే ముఖాలు చదునుగానో దాదాపు చదునుగానో ఉంటాయి. మీరు అమ్మింది ఒడ్డు మీద పూల ఫొటోలు తీసుకునే క్లోజప్ ఫిల్టరు. దానికి 67 మి.మీ. మర రింగు, రబ్బరు పట్టీ తొడిగి వెట్ లెన్సని పేరు పెట్టారు. గాలి తూకంతో నీళ్ళలో సరుకు అమ్మడం అంటే ఇదే.

రెండో కారణం పోర్టు రింగు. పోర్టు గాజుకూ లెన్సు ముందు అంచుకూ మధ్య 4 మి.మీ. సందు చాలు. మీరు పంపిన ఎక్స్‌టెన్షన్ రింగుతో 34 మి.మీ. వస్తోంది, అంటే రింగు 30 మి.మీ. ఎక్కువ పొడవు. ఈ 90 మి.మీ. లెన్సు ఫోకస్ తిప్పినా ముందుకు సాగదు, లోపలే సర్దుకుంటుంది. కాబట్టి "సాగడానికి చోటు వదిలాం" అన్న మీ వివరణ దీనికి వర్తించదు. సాగే లెన్సుల పట్టికలోంచి ఈ రింగును ఎంపిక చేశారని మా అనుమానం.

దీనివల్ల పోయేదేమిటో చూడండి. 1:1 దగ్గర ఈ లెన్సు ముందు అంచు నుంచి వస్తువుకు గాలిలో దూరం 13 సెం.మీ. చదును పోర్టు వెనక నుంచి చూస్తే నీళ్ళలోని వస్తువు అసలు దూరంలో నాలుగింట మూడు వంతుల దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి పోర్టు అవతల మిగిలిన దూరాన్ని 1.33తో హెచ్చించుకోవాలి. 4 మి.మీ. సందు ఉంటే గాజు నుంచి పిల్లదాకా దాదాపు 17 సెం.మీ. దొరుకుతుంది. 34 మి.మీ. సందుతో 13కి కాస్త తక్కువ. పోయిన ఆ 4 సెం.మీ. లైట్లు పక్క నుంచి వంచి పెట్టుకునే చోటు. అది లేకపోతే వెలుగు ఎదురుగా పడి, పోర్టు ముందు తేలే ఆర్టీమియా (మేతగా వేసే సన్న జీవులు), మేత నలుసులు అన్నీ తెల్లచుక్కలై మెరుస్తాయి. పిల్ల కూడా గాజు మీదికి వస్తే చెదిరిపోతుంది. వెట్ లెన్సు పెట్టినప్పుడు ఈ సందు ఇంకోలా దెబ్బ తీస్తుంది: నాలుగు మూలలూ నల్లబడతాయి, ఫోకస్ దగ్గరికి తిప్పేకొద్దీ రావాల్సిన పెద్దదనం తగ్గుతుంది. ఇన్ఫినిటీ దగ్గర మాత్రం పెద్దదనంలో తేడా తెలియదు. మీ సర్వీసు వాళ్ళు అక్కడ పరీక్షించి "బాగానే ఉంది" అని ఉండవచ్చు.

ఇక "నీళ్ళు కలకగా ఉన్నాయేమో" అన్న మీ ప్రతినిధి మాట. హ్యాచరీ నీళ్ళు ఫిల్టరు చేసినవి. పై కొలత మంచినీళ్ళ తొట్టిలోనూ తీశాం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల మినుకు కూడా పడలేదు.

కలక సంగతి ఎత్తారు గనుక ఇంకో మాట. మీ ఎంపిక పట్టికలో తీర ప్రాంతాలన్నింటికీ కలిపి 90 నుంచి 105 మి.మీ. లెన్సే సూచించారు. మాకు ట్యాంకులో అది సరైనదే, దాని మీద ఫిర్యాదు లేదు. కానీ కొత్తపట్నం దగ్గరో మైపాడు దగ్గరో సముద్రంలో దిగేవాళ్ళకు అది తప్పుడు సలహా. ఇక్కడి ఒడ్డు నీళ్ళలో ఒండ్రు, ఇసుక ఎప్పుడూ లేస్తూనే ఉంటాయి. కెమెరాకూ వస్తువుకూ మధ్య ఎన్ని నీళ్ళుంటే అంత మసక. అక్కడ 60 మి.మీ. మాక్రోనే మేలు, వస్తువుకు మరీ దగ్గరగా పోవాల్సి వచ్చినా సరే. తేట నీళ్ళున్న అండమాన్ వైపు వెళ్ళేవాళ్ళకు పొడుగు లెన్సు చెప్పండి. ఒకే వరుసలో అందరినీ కట్టేయకండి.

ట్రైపాడ్ గురించి. 2:1 దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16 దాకా చిన్నది చేసినా పదును ఉండే లోతు 0.7 మి.మీ. మాత్రమే. ఎఫ్/22కి వెళితే లోతు కొంచెం పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడి, ముల్లు పళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కెమెరా ఒక మిల్లీమీటరు ఊగినా ఫోకస్ పోయినట్టే. అంటే ఈ పనిలో లెన్సు ఎంతో ట్రైపాడ్ అంత. మీ ట్రైపాడ్ ట్యాంకులో నిలవడం లేదు.

కాళ్ళను పట్టే క్లాంపుల గిన్నెలు అంగుళం గుండుకు, అంటే 25.4 మి.మీ.కు తొలిచినవి. కాళ్ళ చివరి గుండ్లు వెర్నియర్‌తో కొలిస్తే 25.0 మి.మీ. మర చివరిదాకా బిగిస్తే క్లాంపు రెండు రేకులూ ఒకదాన్నొకటి తాకుతాయి, గుండు మాత్రం లోపల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పైగా గుండ్ల ఓ-రింగులకు (చుట్టూ ఉన్న రబ్బరు వలయాలకు) గ్రీజు పూసి పంపారు. ఆ రింగు ఉన్నది పట్టు కోసం, నీళ్ళు ఆపడానికి కాదు. గ్రీజు తుడిచి చూశాం. కొంత నయం, అయినా హౌసింగు బరువుకు పది నిమిషాల్లో ముక్కు కిందికి వాలిపోతోంది.

కాళ్ళు బోలు గొట్టాలు, రెండు కొసలా బిరడాలు. లోపలి వ్యాసం 22 మి.మీ., పొడవు 30 సెం.మీ., అంటే ఒక్కో కాలులో 114 మి.లీ. గాలి. మూడింటికీ కలిపి 340 గ్రాముల మేర పైకి లాగుతుంది. ట్రైపాడ్ కాళ్ళకు నీళ్ళు దూరే చిల్లులు ఉండాలి, తేలే గొట్టాలు కాదు. దీనికి తోడు సెట్టులో రెండు ఫ్లోట్ ఆర్ములు (నీళ్ళలో బరువు తగ్గించే తేలే చేతులు) అంటగట్టారు. హౌసింగుతో సహా మొత్తాన్ని నీళ్ళలో స్ప్రింగు తాసుకు వేలాడదీస్తే ఆర్ములు లేకుండా 650 గ్రాములు, వాటితో 50 గ్రాములు. చేత్తో పట్టి ఈదుతూ తీసేవాళ్ళకు ఆ 50 గ్రాములు వరం. అడుగున నిలబెట్టి తీసేవాళ్ళకు ట్యాంకులో గాలి ఊదే ఎయిర్ స్టోన్ బుడగలు చాలు, సెట్టు గంతులేస్తుంది. చేతి పట్టుకు కావాల్సిన సామానూ నిలబెట్టడానికి కావాల్సిన సామానూ ఒకే సెట్టులో ఎలా పెట్టారో మాకు అర్థం కాలేదు.

చిన్నవి రెండు. స్టీలు బోల్టులను అల్యూమినియం ప్లేటుకు వాషరు లేకుండా నేరుగా బిగించారు, ఉప్పునీళ్ళు తగిలిన చోట అప్పుడే తెల్లపొడి పడుతోంది. పోర్టుకు ఇచ్చిన ఎర్ర ఓ-రింగు సిలికాన్‌ది, పక్కన పెట్టిన గ్రీజు కూడా సిలికాన్‌దే. సిలికాన్ రబ్బరు సిలికాన్ గ్రీజును పీల్చుకుని ఉబ్బుతుంది, గాడిలో కూర్చోదు, హౌసింగులోకి నీళ్ళు వస్తాయి. రాసిన క్రమంలో ఇది చివరిది గానీ ప్రమాదంలో మొదటిది. ఇదే సెట్టు కొన్న మిగతావాళ్ళకు ఈ ఒక్క విషయమైనా ఇవాళే మెసేజి పెట్టండి.

మేం కోరేవి ఇవి. క్లోజప్ ఫిల్టరు వెనక్కి తీసుకుని, గాలి సీలు ఉన్న నిజమైన వెట్ లెన్సు ఇవ్వాలి, దాని పదును దూరం నీళ్ళలో ఎంతో మిల్లీమీటర్లలో రాసివ్వాలి. ఇప్పటి రింగు బదులు దానికంటే 30 మి.మీ. పొట్టిదైన రింగు పంపాలి. గుండ్లు 25.4 మి.మీ. ఉన్న కాళ్ళు, నీళ్ళు దూరే చిల్లులతో ఇవ్వాలి, నైలాన్ వాషర్లు కూడా. ఓ-రింగు నైట్రైల్ రబ్బరుది పంపితే ఈ గ్రీజే పనికొస్తుంది. ఫ్లోట్ ఆర్ములు అసలు వాడలేదు, వాటి సొమ్ము వాపసు చేయాలి. కెమెరా, లెన్సు, హౌసింగు మావే, వాటి జోలికి రావద్దు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. కొన్నవాళ్ళు ఉండే చోటే కేసు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

కొరియరు మనిషిని పంపేటప్పుడు పాత పెట్టె అడగవద్దని చెప్పండి, అది తడిసి పాడైంది. వస్తువులన్నీ మంచినీళ్ళలో కడిగి, ఆరబెట్టి, సిలికా జెల్ సంచులు వేసి వేరే పెట్టెలో సిద్ధంగా ఉంచాం. వెట్ లెన్సు మీద గీత ఒక్కటీ లేదు, ఫొటోలు జతపరిచాం.

ఇట్లు,
మీ కొనుగోలుదారులు,
కావలి.

జతపరిచినవి: బిల్లు, ఆర్డరు పత్రం, సలహాదారు మెసేజీలు, స్కేలు ఫ్రేములు, వెర్నియర్ కొలతల ఫొటోలు, స్ప్రింగు తాసు వీడియో.