కాలువ గట్టు తుంగను కలుపులో కలపకండి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వేసవిలో కాలువలు కట్టేశాక పూడికతీత, కలుపు తొలగింపు పనులు మొదలవుతాయి. ఆ పనులు కావాలి. గుర్రపు డెక్క అడ్డం పడితే శివారు పొలానికి నీరందదని డెల్టా రైతు కుటుంబంలో పుట్టిన నాకు బాగా తెలుసు. నా విన్నపమల్లా 'కలుపు' అనే ఆ ఒక్క మాట గురించే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన గుర్రపు డెక్కకూ, ఈ నేల సొంత మొక్క చాపల తుంగకూ మనం ఒకే పేరు పెట్టి రెండింటినీ పెళ్లగించేస్తున్నాం.

తుంగ గడ్డి కాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. మధ్యలో కణుపు ఉండదు. అందుకే పచ్చిగా ఉన్నప్పుడు నిలువునా చీలుతుంది, ఎండబెట్టి నేస్తే చాపవుతుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి సైపెరస్ టెగెటమ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ రెండో మాటకు 'చాపల' అని అర్థం. మన నేతగాళ్ల పనే దాని శాస్త్రనామంలోకి ఎక్కిందన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. నేడు వాడుకలో ఉన్న పేరు సైపెరస్ పాంగోరై. భారతదేశం, శ్రీలంకలు దాని సహజ ఆవాసంలోనివి. అందులోనూ అది ఎక్కడపడితే అక్కడ బతకదు. ఏటి ఒడ్డు, చెరువు అంచు, కాలువ గట్టు దిగువన తడి ఆరని చోటు కావాలి.

పొలంలో రైతును ఏడిపించే తుంగ వేరు. గడ్డలతో విస్తరించే ఆ జాతి సైపెరస్ రొటండస్. దాని మీది కోపం చాపల తుంగ మీద చూపడం అన్యాయం.

గుర్రపు డెక్క నీటిపై తేలుతుంది, దాని వేళ్లు మట్టిని పట్టవు. తుంగ మట్టిలో దుంపవేళ్లు పరచి గట్టు అంచును పట్టి ఉంచుతుంది. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. యంత్రంతో వేళ్లతో సహా తవ్వితే ఇక రాదు. మరుసటి వానలకు గట్టు జారితే ఆ మట్టే తిరిగి పూడికవుతుంది.

కాబట్టి పని ఉత్తర్వుల్లో 'కలుపు' అని ఊరుకోకుండా తొలగించాల్సిన మొక్కల పేర్లు రాయించండి. నీటి పారుదలకు అడ్డురాని గట్టు అంచుల్లో తుంగను వదిలేయించండి. అడ్డొచ్చిన చోట తవ్వకుండా కోయించి, ఆ కోతను చాపలు నేసే కుటుంబాలకు అప్పగించండి. వచ్చే వేసవి పనుల అంచనాలు తయారయ్యేలోపే ఈ ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
డెల్టా ఆయకట్టు రైతు కుటుంబీకుడు